పాఠకులకు ఇచ్చిన మాట: రాసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

క్రమం తప్పకుండా రాసేవాళ్లకు, రాయాలని కూర్చునేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సందేహాలివి. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు అయిపోయింది, కొన్ని సాగాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

నేను పాఠకులకు ఏ మాటా ఇవ్వలేదు. ఇదంతా నాకు వర్తిస్తుందా?

ఇచ్చే ఉంటారు. "మాటిస్తున్నాను" అని ఎవరూ రాయరు. "దీని గురించి మరోసారి వివరంగా చెప్పుకుందాం" అని రాస్తారు. వ్యాసం పేరు పక్కన "మొదటి భాగం" అని పెడతారు. "వచ్చే వారం కలుద్దాం" అని ముగిస్తారు. రాసేవాళ్లకు ఇవన్నీ వాక్యాన్ని ఎక్కడో ఒకచోట ఆపడానికి దొరికిన ఆసరాలు. చదివేవాళ్లు మాత్రం వీటిని మాటగానే తీసుకుంటారు. మొదటి భాగం అన్నాక రెండోది ఉండాలి కదా!

నా లెక్కలో నమ్మకాన్ని ఎక్కువగా తినేసేవి ఇలా నోరు జారిన మాటలే. పెద్ద ప్రకటన చేసేముందు ఎవరైనా కాస్త తటపటాయిస్తారు. "త్వరలో" అని రాసేటప్పుడు ఎవరూ తటపటాయించరు. ఇచ్చినట్టే గుర్తులేని మాటను నిలబెట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

అసలు కాగితం మీద పెట్టని మాటలు కూడా ఉంటాయి. ఒకళ్లు చాలాకాలంగా పిల్లల చదువుల గురించి రాస్తున్నారనుకుందాం. హఠాత్తుగా షేర్ మార్కెట్ సలహాలు మొదలుపెడితే పాఠకులకు ఏదో తేడా కొడుతుంది. ఇందులో తప్పేమీ లేకపోవచ్చు, కానీ ఇన్నాళ్లూ వాళ్లు వచ్చింది వేరే దానికోసం. అలాగే "నేను స్వయంగా వాడి చూశాను" అన్నారంటే, నిజంగానే వాడారని వాళ్లు నమ్ముతారు. పెట్టె తెరిచి రెండు ఫొటోలు తీయడాన్ని వాడటం అనరు.

శీర్షిక కూడా మాట కిందకే వస్తుందా?

అన్నిటికన్నా ముందు వచ్చేది అదే. జార్జ్ లోవెన్‌స్టీన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1994లో కుతూహలానికి ఒక వివరణ ఇచ్చాడు. మనకు తెలిసినదానికీ తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఖాళీ కనబడితే మనసు ఊరుకోదని, అది పూడేదాకా గుంజుతూనే ఉంటుందని దాని సారాంశం. ఊరించే శీర్షికలన్నీ బతికేది ఈ బలహీనత మీదే.

ఖాళీ చూపించడంలో తప్పు లేదు. లోపల దాన్ని పూడ్చకపోవడమే తప్పు. "ఈ ఒక్క అలవాటు మానితే జీవితమే మారిపోతుంది" అని పిలిచి, తీరా లోపలికి వచ్చాక "రాత్రి త్వరగా పడుకోండి" అంటే, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. ఇందులో ఇంకో చిక్కుంది. మోసపోయిన పాఠకుడు తిట్టడు, ఫిర్యాదు చేయడు. ఈసారి మీ పేరు కనిపిస్తే పక్కకు జరిగిపోతాడు, అంతే. ఎందుకు తగ్గిపోయారో మీకు ఎప్పటికీ తెలియదు.

2016 ఆగస్టులో ఫేస్‌బుక్ ఇలాంటి శీర్షికలను కిందకు తోసేస్తామని ప్రకటించినప్పుడు రెండు గుర్తులు చెప్పింది. విషయం అర్థం కావడానికి అవసరమైన ముక్కను కావాలని దాచడం ఒకటి, లోపల లేనిదాన్ని ఉన్నట్టు పెంచి చూపడం రెండోది. మన శీర్షికను మనమే పరీక్షించుకోవడానికి ఈ రెండూ చాలు. నేనైతే ఇంకొకటి కలుపుతాను: శీర్షికను చివర్లో పెట్టండి. ముందే పెడితే, రాస్తూ రాస్తూ వ్యాసం ఇంకో దారి పట్టినా ఆ పేరు మీద మమకారం పోదు.

"ప్రతి వారం రాస్తాను" అని ప్రకటించవచ్చా?

ప్రకటించాలన్న ఉత్సాహం బలంగా ఉన్నప్పుడు ప్రకటించకపోవడమే మంచిది. ఉత్సాహంలో వేసే లెక్కలు ఎంత తప్పుతాయో చాలా కాలం క్రితమే కొలిచారు. రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైఖేల్ రాస్ 1994లో ప్రచురించిన అధ్యయనంలో, డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులను తమ థీసిస్ ఎన్నాళ్లలో పూర్తిచేస్తారో చెప్పమన్నారు. సగటున 34 రోజులన్నారు. నిజంగా పట్టింది 55 రోజులపైనే. చెప్పిన గడువులోపల ముగించినవాళ్లు మూడోవంతు కూడా లేరు. అసలు చమత్కారం ఇంకొకటి. "అన్నీ ఎదురు తిరిగితే ఎన్నాళ్లు పడుతుంది?" అని కూడా వాళ్లను అడిగారు. దానికి వచ్చిన సగటు 49 రోజుల లోపే. అంటే వాళ్లు ఊహించగలిగిన గడ్డుకాలం కూడా వాస్తవం ముందు తేలిపోయింది.

కానెమన్, ట్వర్‌స్కీ అనే మనస్తత్వ పరిశోధకులు 1979లోనే ఈ ధోరణిని గుర్తించారు. మనం రాబోయే పనిని ఊహించుకునేటప్పుడు అది సాఫీగా జరిగే దృశ్యాన్నే చూస్తాం. గతంలో అలాంటి పనికి ఎంత పట్టిందన్నది తెలిసి కూడా లెక్కలోకి తీసుకోం. కాబట్టి విరుగుడు కూడా అక్కడే ఉంది. గత ఆరు నెలల్లో మీరు నిజంగా ఎన్ని పూర్తిచేశారో చూసుకోండి. రాయాలనుకున్నవి వద్దు, పూర్తయినవే లెక్క. నెలకు రెండు తేలితే, మాట ఒకదానికే ఇవ్వండి. ఇక రెండోది రాసినా రాయకపోయినా టెన్షన్ ఉండదు.

ఇంకో మాట. ప్రకటించేముందు నాలుగైదు రచనలు చేతిలో సిద్ధంగా ఉంచుకోండి. జ్వరం, ప్రయాణం, ఇంట్లో పెళ్లి, ఇవేవీ మీ గడువు చూసుకుని రావు. చేతిలో నిల్వ ఉన్నవాళ్లు వీటిని దాటేస్తారు, లేనివాళ్లు మొదటి నెలలోనే "అనివార్య కారణాల వల్ల" అని మొదలుపెడతారు.

చెప్పినదానికంటే ఎక్కువ ఇస్తే నమ్మకం ఇంకా పెరుగుతుందా?

అలాగే అనిపిస్తుంది గానీ ఆధారాలు దానికి అంతగా తోడు రావు. ఆయెలెట్ నీజీ, నికొలస్ ఎప్లీ 2014లో ఇదే విషయం మీద ప్రయోగాలు ప్రచురించారు. మాట తప్పినవాళ్ల మీద జనానికి బాగానే కోపం వచ్చింది. మాట నిలబెట్టుకున్నవాళ్లను మెచ్చుకున్నారు. మాటకు మించి చేసినవాళ్లకు మాత్రం, చెప్పినంత చేసినవాళ్లకంటే పెద్దగా అదనపు మెప్పు దక్కలేదు.

రాసేవాళ్లకు ఇది ఊరట కలిగించే విషయం. వారానికి ఒకటని చెప్పి మూడు రాసి అలసిపోనక్కర్లేదు. ఆ అదనపు రెంటినీ వచ్చే వారాలకు దాచుకోవచ్చు. రాయడంలో ఆనందం ఉండి ఎక్కువ రాస్తే సంతోషమే, నమ్మకం కోసమైతే ఆ శ్రమ దండగ.

చెప్పిన రోజుకు రాయలేకపోతున్నాను. ఏం చేయాలి?

గడువు దాటకముందే చెప్పండి. ముందురోజు వచ్చిన కబురు సమాచారం అవుతుంది, మర్నాడు వచ్చిన అదే కబురు సంజాయిషీ అవుతుంది.

1837లో ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ నెలనెలా రాస్తున్న సీరియల్‌కు జూన్‌లో రావాల్సిన భాగం రాలేదు. మే నెలలో ఆయన భార్య చెల్లెలు పదిహేడేళ్ల వయసులో ఉన్నట్టుండి చనిపోయింది. ఆయన కలం సాగలేదు. ఆ ఒక్క నెల మౌనంలోనే పుకార్లు లేచాయి. చనిపోయాడన్నారు, పిచ్చెక్కిందన్నారు, అప్పులకు జైల్లో పెట్టారన్నారు. తరువాతి భాగంతోపాటు ఆయన జరిగింది చెబుతూ పాఠకులకు ఒక చిన్న ప్రకటన వేశాడు. కథ మళ్లీ నడిచింది, పాఠకులు ఎక్కడికీ పోలేదు. ఆలస్యాన్ని జనం ఓర్చుకుంటారు. ఏం జరిగిందో తెలియకపోతే మాత్రం వాళ్లే ఏదో ఒకటి కల్పించుకుంటారు.

ఇక ఆ కబురు ఎలా రాయాలన్నది. "ఈ వారం రాయలేకపోతున్నాను. వచ్చే ఆదివారం తప్పకుండా ఉంటుంది." ఇంత చాలు. కారణం చెప్పాలనిపిస్తే ఒక్క వాక్యం. మూడు పేరాల క్షమాపణలు చదవడానికి ఎవరూ రారు. పైగా అంత పొడవు రాయగలిగినవాళ్లు ఆ సమయంలో అసలు వ్యాసమే రాయొచ్చు కదా అన్న అనుమానం కూడా వస్తుంది. వచ్చే ఆదివారం కుదురుతుందో లేదో మీకే తెలియకపోతే ఆ రెండో వాక్యం మానేయండి. "కుదరగానే చెబుతాను" అనడంలో చిన్నతనమేమీ లేదు. వాయిదా వేసి, ఆ వాయిదాకు ఇంకో వాయిదా వేస్తేనే మాట పలచబడిపోతుంది.

సిరీస్ మొదలుపెట్టాను. సగంలో ఆసక్తి పోయింది. బలవంతంగా పూర్తి చేయాలా?

అక్కర్లేదు. కానీ ఆపేశానని చెప్పాలి.

నన్నయ 11వ శతాబ్దంలో అరణ్యపర్వం మధ్యలో వదిలిన భారతాన్ని తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు, మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూర్తిచేశాడు. మన సిరీస్‌కు అంతటి అదృష్టం పట్టదు కాబట్టి మనమే తేల్చేయాలి.

ఎలా తేల్చాలంటే, మిగిలిన భాగాల్లో ఏం రాద్దామనుకున్నారో దాని సారం ఒక చివరి భాగంగా ఇచ్చేయండి. అసంపూర్ణంగా ఉన్నా పరవాలేదు. "ఇందులో నాలుగు భాగాలనుకున్నాను. రెండు రాశాక చెప్పడానికి నా దగ్గర అంత సరుకు లేదని అర్థమైంది. ఉన్న ముఖ్యమైన విషయాలు ఇవీ." ఇలా రాసినవాళ్ల మీద గౌరవం తగ్గడం నేను చూడలేదు. ఆ తర్వాత వెనక్కి వెళ్లి మొదటి భాగంలో "నాలుగు భాగాలు" అన్నచోట సవరణ పెట్టండి. చాలామంది ఈ పని మరచిపోతారు. రెండేళ్ల తర్వాత వచ్చిన కొత్త పాఠకుడు నాలుగో భాగం కోసం వెతుకుతూ ఉంటాడు.

అసలు మొదటిసారే "నాలుగు భాగాలు" అనకుండా ఉంటే ఈ గొడవే లేదు. అన్ని భాగాలూ రాసుకున్నాకే మొదటిది బయటపెట్టడం ఇంకా మేలు. నెమ్మదైన పద్ధతే, ఒప్పుకుంటాను.

రాసినదాంట్లో తప్పు దొర్లింది. గప్‌చుప్‌గా సరిచేస్తే సరిపోదా?

అచ్చుతప్పులైతే గప్‌చుప్‌గానే సరిచేయండి. సంఖ్య, పేరు, తేదీ, సలహా, అంటే ఎవరైనా నమ్మి వాడుకునే అవకాశం ఉన్నదేదైనా మారిస్తే మాత్రం మార్చినట్టు చెప్పాలి. ఏం మారింది, ఎప్పుడు మారింది, ముందు ఏముండేది. పాత సంఖ్యను నమ్మి నలుగురికి చెప్పిన పాఠకుడు తిరిగివచ్చి చూస్తే కొత్త సంఖ్య కనిపిస్తుంది. తనే తప్పు చదివానేమో అనుకుంటాడు. అలా అనుకునేలా చేయడం అన్యాయం.

"చాలాకాలమైంది, ఇప్పుడెందుకు" అనేవాళ్లకు ఒక ఉదాహరణ. బానిసత్వం నుంచి బయటపడిన సాలమన్ నార్తప్ గురించి న్యూయార్క్ టైమ్స్ 1853 జనవరి 20న ఒక వార్త వేసింది. ఆయన ఇంటిపేరును శీర్షికలో ఒకలా, వార్తలో ఇంకోలా, రెండుచోట్లా తప్పుగానే రాసింది. 2014లో ఒకరు ఆ పాత వార్త చూసి ఎత్తిచూపారు. 161 ఏళ్ల తర్వాత, ఆ ఏడాది మార్చి 4న, పత్రిక సవరణ ప్రచురించింది. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదనుకోవచ్చు. కానీ ఆ సవరణ చదివినవాళ్లకు, నిన్నటి తప్పును ఈ పత్రిక ఎలా చూస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

డబ్బు తీసుకునో, వస్తువు ఉచితంగా తీసుకునో రాసేటప్పుడు?

ముందే, మొదటి పేరాలోనే చెప్పేయండి. కింద చిన్న అక్షరాల్లో వద్దు. చాలాచోట్ల ఇది ఇప్పుడు చట్టం సంగతి కూడా. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో సవరించిన మార్గదర్శకాల్లో ఇలా రాసేవాళ్లందరినీ చేర్చింది. భారత్‌లో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో సూచనలు విడుదల చేసింది. డబ్బే కాదు, ఉచిత వస్తువులు, ప్రయాణాలు, బహుమతులు కూడా వెల్లడించాల్సిన సంబంధాలే.

చట్టం సంగతి అలా ఉంచితే, ఇక్కడ రాసేవాళ్లు పడే భయం ఒకటుంది: చెబితే జనం నమ్మరేమో అని. కొంతమంది నమ్మరు, నిజమే. చెప్పకుండా దొరికిపోతే మాత్రం ఆ ఒక్క రచనతో ఆగదు, అంతకుముందు రాసినవన్నీ అనుమానంలో పడతాయి.

పాఠకుల ఈమెయిల్ చిరునామాలు తీసుకుంటున్నాను. ఏం గుర్తుంచుకోవాలి?

ఎందుకు తీసుకున్నారో దానికే వాడండి. నెలకో ఉత్తరమని చెప్పి వారానికి మూడు పంపకండి. ఇక వద్దన్నవాళ్లను వెంటనే వదిలేయండి. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవాళ్లు ఒక్క నొక్కుతో వైదొలిగే వీలు ఇవ్వాలని, ఆ కోరికను రెండు రోజుల్లో తీర్చాలని గూగుల్, యాహూ 2024 నుంచి నియమం పెట్టాయి. మీ జాబితాలో యాభైమందే ఉన్నా అదే పద్ధతి పాటించండి.

"ప్రతి ఉత్తరానికీ జవాబిస్తాను" అన్నాను. ఇప్పుడు తట్టుకోలేకపోతున్నాను.

పదిమంది రాస్తున్నప్పుడు ఇచ్చిన మాట ఇది. ఐదువందలమంది రాస్తుంటే అదే మాట వేరే పని అయిపోతుంది. లోలోపలే వదిలేయకుండా మార్చుకున్నట్టు ప్రకటించండి: "అన్నీ చదువుతాను, అన్నిటికీ జవాబివ్వలేను." చదువుతానన్నది మాత్రం నిజమై ఉండాలి.

నా అభిప్రాయం మారిపోయింది. అది మాట తప్పడం అవుతుందా?

కాదు. పాఠకులకు మీరిచ్చింది ఒకే అభిప్రాయంతో ఉంటానన్న మాట కాదు, అనుకున్నదే రాస్తానన్న మాట. మారాక కూడా పాతదే పట్టుకు వేలాడితే ఆ రెండో మాట తప్పినట్టు. ఎందుకు మారిందో చెప్పండి, పాత రచనను తీసేయకుండా దాని మీద ఒక గమనిక పెట్టండి. ఎవరూ సత్యహరిశ్చంద్రుడిలా ఉండమని అడగడం లేదు.

"నేను ఎప్పటికీ ప్రకటనలు తీసుకోను" లాంటివి మాత్రం వేరే కోవలోకి వస్తాయి. అది అభిప్రాయం కాదు, నడవడి గురించి ఇచ్చిన హామీ. దాన్ని నమ్మి కొందరు మీ దగ్గర చేరి ఉంటారు. మార్చుకోక తప్పకపోతే, మొదటి ప్రకటన కనిపించకముందే వాళ్లకు తెలియాలి. రేపటి ఖర్చులు మనకు తెలియవు కాబట్టి "ప్రస్తుతానికి తీసుకోవడం లేదు" అనడమే క్షేమం.

ఇదివరకే చాలాసార్లు మాట తప్పాను. పోయిన నమ్మకం తిరిగి వస్తుందా?

ఏ రకంగా తప్పారన్నదాన్ని బట్టి ఉంటుంది. మారిస్ ష్వైట్జర్, జాన్ హెర్షీ, ఎరిక్ బ్రాడ్‌లో 2006లో ప్రచురించిన పరిశోధనలో రెండు సందర్భాలను పోల్చారు. నమ్మినవాళ్లకు నష్టం చేసినవాళ్లు తరువాత వరుసగా సరిగ్గా నడుచుకుంటే నమ్మకం తిరిగి వచ్చింది. ఆ నష్టానికి తోడు అబద్ధం కూడా ఆడి ఉంటే మాత్రం, తరువాత ఎంత బాగా నడుచుకున్నా పూర్తిగా కోలుకోలేదు. మారతానని మాటిస్తే మొదట్లో నమ్మకం కొంచెం త్వరగా వచ్చింది, కానీ అబద్ధం ఆడినవాళ్లకు ఆ మాట కూడా అంతగా పనిచేయలేదు.

రాసేవాళ్లకు దీన్ని అన్వయిస్తే, ఆలస్యం చేసినవాళ్లకు, సిరీస్ ఆపేసినవాళ్లకు దారి ఉంది. వాడకుండానే వాడానని రాసినవాళ్లకు, ఎవరిదో ఎత్తి తమదిగా వేసుకున్నవాళ్లకు దారి చాలా ఇరుకు. మొదటి రకంలో ఉంటే, కొత్త ప్రతిజ్ఞలేవీ చేయకండి. "ఇకనుంచి చూడండి" అనడం మానేసి కొన్నాళ్లు చప్పుడు లేకుండా వేళకు రాయండి.

చదివేది పదిమందే. వాళ్లకోసం ఇంత పట్టింపు అవసరమా?

ఆ పదిమంది పేర్లు మీకు తెలిసే ఉంటాయి. ఇంకా ఎక్కువ అవసరం.

ఇచ్చిన మాటలన్నీ గుర్తుపెట్టుకునేదెలా?

గుర్తుపెట్టుకోవద్దు, రాసుకోండి. ఒక కాగితం, మూడు గడులు: ఏమన్నాను, ఎక్కడన్నాను, ఎప్పటిలోగా. ప్రతి రచనా బయటికి పంపేముందు చివరి రెండు పేరాలు ఇంకోసారి చదివితే కొత్తగా ఏం మాటిచ్చారో దొరికిపోతుంది, ఎక్కువగా అక్కడే జారుతాం. రాసుకోవడానికి బద్ధకించేంత చిన్న మాటైతే దాన్ని ఆ పేరాలోంచి కొట్టేయండి.

పాతవాటికి ఒక సాయంత్రం కేటాయించండి. మీరు రాసినవాటిలో "త్వరలో", "మరోసారి", "తరువాయి", "వచ్చే వారం" అన్న మాటలు వెతకండి. దొరికినవాటిలో తీర్చగలిగినవి తీర్చండి, తీర్చలేనివాటి దగ్గర "ఇది రాయలేదు, రాయడం లేదు" అని ఒక ముక్క చేర్చండి. జాబితా పొడవు చూసి కంగారు పడకండి, కొత్తవాటితో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి.